అమీగా 1200 వీడియోలో మాట వెనకబడుతోంది

నెల్లూరులో నా దగ్గర ఉన్నది అమీగా 1200 అనే పాత హోమ్ కంప్యూటర్ అండీ, పాల్ (PAL) టీవీ పద్ధతిది. 2 ఎంబీ చిప్ ర్యామే (బొమ్మ, ధ్వని చిప్‌లు కూడా వాడుకునే మెమరీ), ఫాస్ట్ ర్యామ్ (ప్రాసెసర్‌కే ప్రత్యేకమైన మెమరీ) లేదు, డిస్కు బదులు సీఎఫ్ మెమరీ కార్డు నుంచి నడుస్తుంది. పెన్నా బ్యారేజీ వీడియోను సీడీఎక్స్‌ఎల్‌ (అమీగా వీడియో ఫైలు రూపం)గా మార్చాను: 160×128, 256 రంగులు, సెకనుకు 12.5 ఫ్రేములు. ఫ్రేముకు బొమ్మ 20,480 బైట్లు, 22,050 హెర్ట్జ్ మోనో ధ్వని 1,764 బైట్లు. పాలెట్ (రంగుల పట్టిక) కలిపినా సెకనుకు 3 లక్షల బైట్లు దాటదు, కార్డుకు అదేం బరువు కాదు. బొమ్మ ఎక్కడా ఆగట్లేదు కూడా.

కానీ పది నిమిషాలయ్యేసరికి మాట అర సెకను వెనకబడుతోంది. ధ్వని వేగం కోసం పౌలా అనే ధ్వని చిప్ తన గడియారపు 35,46,895 హెర్ట్జ్‌ను పూర్ణసంఖ్యతోనే భాగిస్తుంది కదా. 161తో 22,050 బదులు 22,030 వస్తుంది. తేడా అక్కడిదే అనిపిస్తోంది. ధ్వనిని 22,025కి మార్చి ఫ్రేముకు 1,762 బైట్లు పెడితే పది నిమిషాలకు 0.15 సెకనే తేడా. అదీ లేకుండా, కొన్ని ఫ్రేముల్లో 1,764 పెడితే ప్లేయర్లు ఒప్పుకుంటాయా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. కావలి, ఒంగోలు వైపు ఈ యంత్రం ఉన్నవాళ్లుంటే ఫైలు ఇస్తాను, నడిపి చూడగలరా?