సంస్కృతిని గౌరవించే థెరపీ అంటే సర్దుకుపొమ్మనడమేనా?

నీలి గొడుగు:
మా ఆయనకి ఇంకొకరితో ఉన్న సంబంధం బయటపడి ఏడు నెలలు. ఆ తర్వాత నాకు నిద్ర లేదు, ఆకలి లేదు. డాక్టర్ డిప్రెషన్ అని మందులు రాశారు. ఇద్దరం కపుల్ థెరపీకి వెళ్తున్నాం. "మీ సంస్కృతి నాకు తెలుసు" అంటూ మొదలుపెట్టిన థెరపిస్ట్, రెండో సెషన్‌లోనే "మీ కుటుంబాల్లో విడిపోవడం తేలిక కాదు కదా, క్షమించడం గురించి ఆలోచిద్దాం" అన్నారు. టిష్యూ పెట్టె నా వైపు జరిపారు. ఆయన వైపు కాదు. ఇదేనా సంస్కృతిని గౌరవించడం?

పాత డైరీ:
అంత తొందరగా తీసిపారేయకండి. మాకు దొరికినావిడ దీనికి పూర్తిగా వ్యతిరేకం. "పెద్దవాళ్ళ సంగతి వదిలేయండి, మీకేం కావాలో చెప్పండి" అనేవారు. అత్తగారితో ఒకే ఇంట్లో ఉంటూ ఎలా వదిలేస్తాను? నాకేం కావాలన్నదాంట్లో ఆవిడా ఉంది! మూడు సెషన్లకే మానేశాం.

గళ్ళ నోటుబుక్కు:
కౌన్సెలింగ్ చదువుతున్నాను. 2013లో డీఎస్ఎం-5తో (మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) పాటు కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ అని ఒకటి వచ్చింది. మీ సమస్యను మీ మాటల్లో ఏమంటారు, మీవాళ్ళు దీనికి కారణం ఏమనుకుంటున్నారు, మీకు అండ ఎవరు... ఇలా 16 ప్రశ్నలు. డాక్టరూ మీరూ వేర్వేరు నేపథ్యాల వాళ్ళు కావడంతో అపార్థాలు వస్తాయేమోనన్న బెంగ ఉందా అని చివర్లో అడుగుతారు. పదహారూ ప్రశ్నలే. "నాకు తెలుసు" అన్నవాళ్ళు ఇవేవీ అడగరు. పాత డైరీ గారి థెరపిస్టూ అడగలేదు, ముందే తేల్చేసుకున్నారు.

ఇక క్షమాపణ. గోర్డన్, బాకమ్, స్నైడర్ అనే మనస్తత్వవేత్తలు ఇలాంటి జంటల కోసం మూడు దశల పద్ధతి తయారుచేశారు. ముందు దెబ్బ తట్టుకోవడం, తర్వాత అలా ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవడం, ఆపైన ముందుకెలా అన్నది. క్షమించే మాట మూడో దశలోది. బాగా ఆలోచించుకుని విడిపోవడానికీ అక్కడ చోటుంది. రెండో సెషన్‌లో ఆ మాట ఎత్తడం తొందరపాటే.

ఎదురుగాలి:
ముందు డిప్రెషన్ తగ్గనివ్వండి. ఆ స్థితిలో ఏం నిర్ణయించుకున్నా తర్వాత బాధపడతారు.

నీలి గొడుగు:
మా ఆయనా ఇదే అంటున్నారండి. "నువ్వు డిప్రెషన్‌లో ఉన్నావు, అందుకే అలా అనిపిస్తోంది" అని. ఫోన్ బోర్లా పెట్టి ఉంటే ఎందుకని అడిగినా ఇదే జవాబు. "మాత్ర వేసుకున్నావా?"

గళ్ళ నోటుబుక్కు:
డిప్రెషన్ కొలవడానికి వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. నిద్ర, ఆకలి, నీరసం, తనను తాను తక్కువ చేసుకోవడం... కోపం గురించి ఒక్కటీ లేదు. డిప్రెషన్‌లో చిరాకు ఉండొచ్చు, నిజమే. అంతమాత్రాన మోసపోయిన మనిషి కోపమంతా జబ్బు ఖాతాలో రాసేస్తే ఎలా? నిర్ణయం వాయిదా వేయవచ్చు, నిజం చెప్పడం వాయిదా వేయకూడదు.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండును అనిపించడం గురించి. దానికి మీ జవాబు "అస్సలు లేదు" కాకపోతే జంట సెషన్ దాకా ఆగకండి. ఇవాళే డాక్టర్‌కి చెప్పండి.

ఎదురుగాలి:
వాయిదా వేయమన్నది నిర్ణయాన్నేనండి. ఆయన జవాబుదారీని కాదు. సరిగా చెప్పలేకపోయాను.

నీలి గొడుగు:
ఆ ఆలోచన ఒకసారి వచ్చింది. డాక్టర్‌కి తెలుసు. గురువారం సెషన్ ఉంది, ఆ పదహారులో ఒక్కటైనా అడగమంటాను.

పాత డైరీ:
ఆయన్నీ అడగమనండి. క్షమించమని మీకు చెప్పారు సరే, ఆయనకేం పని చెప్పారో మీరింతవరకూ రాయలేదు.