బాబెలు, బబులోను, బావేరు: ఒకే ఊరా?

ప్రశ్న: తెలుగు బైబిల్లో ఆదికాండంలో 'బాబెలు' అని, దానియేలు గ్రంథంలో 'బబులోను' అని ఉంది. రెండూ ఒకటేనా? 'తారుమారు' అని అర్థం చెబుతారు, నిజమేనా?

జవాబు: ఊరు ఒకటేనండీ. హీబ్రూలో రెండుచోట్లా ఉన్నది 'బావెల్' అనే మాటే. 'బబులోను' గ్రీకు ఉచ్చారణ మీదుగా మనకు చేరింది. ఇరాక్‌లో హిల్లా పట్టణం పక్కన ఆ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

'తారుమారు' అనేది హీబ్రూవాళ్లు చెప్పుకున్న అర్థం. వాళ్ల భాషలో 'బాలల్' అంటే కలగాపులగం చేయడం. ఆ ఊరివాళ్లు మాత్రం అలా అనుకోలేదు. వాళ్ల అక్కాదు భాషలో 'బాబు' అంటే ద్వారం, 'ఇలు' అంటే దేవుడు. బాబ్-ఇలి, దేవుడి వాకిలి! తిరుమలలో మనం బంగారు వాకిలి అంటామే, ఆ 'వాకిలి' ఇక్కడ చక్కగా అతుకుతుంది. మట్టి పలకల మీద ఈ పేరును ద్వారం గుర్తు, దాని పక్కన దేవుడి గుర్తు వేసి రాసేవారు. దేవుడి గుర్తు మొదట్లో నక్షత్రం బొమ్మ. నాకు భలే ఇష్టమైన సంగతి ఇది.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో యెరూషలేమును కూల్చి, జనాన్ని చెరపట్టి ఈ ఊరికి తెచ్చినవాడు ఇక్కడి రాజు నెబుకద్నెజరు. నీలం మెరుగు ఇటుకలతో ఇష్తార్ ద్వారం కట్టించిందీ ఆయనే. ఇల్లూ గుడీ పోగొట్టుకున్నవాళ్ల నోట ఆ పేరు 'దేవుడి వాకిలి'గా పలకకపోవడంలో నాకు వింతేమీ కనిపించదు.

అసలు మెలిక ఇంకోటుంది. 'దేవుడి వాకిలి' కూడా తర్వాత అతికించుకున్న అర్థమేననీ, ఊరి పేరు అంతకంటే పాతదనీ చాలామంది పండితుల మాట. తెలుగుకు 'త్రిలింగ' మూలమని చెప్పడం లాంటిదే.

ఇంకొకరి జవాబు: బుద్ధుడి పూర్వజన్మల గురించి చెప్పే పాళీ జాతక కథల్లో 'బావేరు' ఈ ఊరే. పాత పర్షియన్లో 'బాబిరు' కాబట్టి లకారం రకారమైంది. మన వర్తకులు ముందు అక్కడికి ఒక కాకిని తీసుకెళ్తారు. పక్షులే లేని దేశం కాబట్టి దాన్ని వంద నాణేలకు కొని, పళ్లూ మాంసమూ పెట్టి ముద్దు చేస్తారు. తర్వాతి ప్రయాణంలో నెమలి వస్తుంది, చిటికేస్తే కూస్తుంది, చప్పట్లు కొడితే ఆడుతుంది. దాని ధర వెయ్యి! ఇక కాకిని పట్టించుకునేవాళ్లే ఉండరు.