నల్లరేగడి మీద పల్లె రోడ్డు: సున్నమా, మొరమా?

నమస్కారమండీ. నేను సివిల్ ఇంజనీరింగ్ ఫైనలియర్. ప్రాజెక్టు కోసం ఆదిలాబాద్ జిల్లాలో ఒక పల్లె రోడ్డు తీసుకున్నాను. కింద అంతా నల్లరేగడి. ఎండాకాలం తారు అంచు పొడుగునా వేలు దూరేంత పగుళ్లు, వానలు పడగానే సరిగ్గా అక్కడే కుంగుతుంది.

మట్టిని నాలుగు రోజులు నానబెట్టి అది ఎంత బరువు మోయగలదో చూసే సీబీఆర్ పరీక్ష చేస్తే 2 శాతం కూడా రాలేదు. నీళ్లలో మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 50 శాతం దాటింది, అంటే ఉన్నదున్నట్టు వాడకూడని మట్టి. సున్నం కలపమని పుస్తకాలు చెబుతాయి. ల్యాబ్‌లో ట్రేలో చేత్తో పిసికితే బాగానే కలుస్తుంది. సైటులో ట్రాక్టర్ రోటవేటర్ తిప్పాక చూస్తే పిడికెడంత గడ్డలు అలాగే ఉన్నాయి, పగలగొడితే లోపల సున్నం జాడే లేదు. మేస్త్రీ మాత్రం "సున్నం గిన్నం ఎందుకు బిడ్డా, మొరం పోసి రోలర్ తిప్పు" అంటాడు. ఆయన మాట కొట్టిపారేయలేను, కానీ మొరం చాలా దూరం నుంచి రావాలి.

ఫీల్డులో పనిచేసినవాళ్లు చెప్పండి: సున్నం రెండు విడతలుగా కలిపితే గడ్డలు చితుకుతాయా? కలిపిన రాత్రే వాన పడితే ఏం చేస్తారు? పక్క కాలువలు లేని రోడ్డుకు ఇదంతా దండగేనా? వచ్చే నెలే వైవా, టెన్షన్‌గా ఉంది.