గాలి బోటు తెల్లారేసరికి మెత్తబడుతోంది, అతుకు నిలవడం లేదు. ఏం చేయాలి?

దేవరకొండ గాలం
అన్నలూ, నమస్తే. మా మామ దగ్గర నుంచి పాత గాలి బోటు ఒకటి వచ్చింది. బూడిద రంగుది, నలుగురు కూర్చోవచ్చు. కుడి, ఎడమ, ముక్కు అని మూడు అరలు. నేరేడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ వైపు, సాగర్ బ్యాక్ వాటర్‌లో గాలం వేయడానికి వాడుతున్నాం. సాయంత్రం బిగుతుగా గాలి కొట్టి వాకిట్లో పెడితే తెల్లారేసరికి మూడు అరలూ మెత్తబడుతున్నాయి. కుడిదైతే మరీ, బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. నీళ్ళు తగ్గాక ఒడ్డంతా సర్కారు తుమ్మ ముళ్ళే కదా, ఏదో గుచ్చుకుందని నా అనుమానం. పంక్చర్ షాపులో ట్యూబు ముక్క వేయిస్తే ఎండకు అంచులు లేచాయి. సెలవులకు అక్క పిల్లలు వస్తున్నారు, బోటు ఎక్కుతామని ఇప్పటినుంచే అడుగుతున్నారు. నాకేమో టెన్షన్. ఇది బాగయ్యేదేనా?

పానగల్లు కట్ట
తమ్ముడూ, ముందు వాల్వ్ చూడు. లోపలి పల్చటి పొర కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా గాలి నిలవదు. మంచినీళ్ళతో కడిగి, మూత గట్టిగా బిగించి చూడు.

మిర్యాలగూడ టార్పాలిన్
తమ్ముడూ, నేను లారీ టార్పాలిన్ల పనిలో ఉన్నాను. గాలి బోట్లు కూడా అప్పుడప్పుడు మా షాపుకు వస్తాయి. నీ బోటు మీద ఆశ వదులుకోకు. కానీ జిగురు ముట్టుకునే ముందు రెండు విషయాలు తేల్చుకో.

ఒకటి, మూడు అరలూ ఒకేసారి మెత్తబడితే అదంతా లీకే కానక్కర్లేదు. సాయంత్రం 40 డిగ్రీల వేడిలో 3.6 పీఎస్‌ఐ ఒత్తిడికి కొట్టిన గాలి, తెల్లవారుజామున 25 డిగ్రీలకు చల్లబడితే, ఒక్క బుడగ బయటికి పోకున్నా 2.7 దగ్గరికి వస్తుంది. అందుకే నొక్కి చూసి నిర్ణయించొద్దు. అంట్లు తోమే లిక్విడ్ నీళ్ళలో కలిపి, స్పాంజితో వాల్వ్ చుట్టూ, జాయింట్ల వెంట, అడుగు అతికిన చోట పూయి. లీకు ఉన్నచోట తెల్లటి నురగ ఉబ్బుతుంది. అక్కడ మార్కర్‌తో గుండ్రంగా గీసుకో. ఎక్కడా నురగ రాకపోయినా ఒక అర మెత్తబడి పక్కది గట్టిపడుతుంటే, మధ్య గోడ పోయినట్టు. అది ఇంట్లో అయ్యే పని కాదు.

రెండోది, బట్ట ఏ రకమో తెలియాలి. పీవీసీ అయితే లోపలా బయటా ప్లాస్టిక్ నునుపు ఉంటుంది. కనిపించని మూల అసిటోన్ తడిపిన గుడ్డతో రుద్దితే జిగటగా అవుతుంది. హైపలాన్, అంటే సింథటిక్ రబ్బరు పూత బట్ట అయితే అలా కాదు, సన్న ఎమరీ కాగితంతో రుద్దితే పొడి రాలుతుంది. పీవీసీకి పాలీయురేథేన్ జిగురు, హైపలాన్‌కి నియోప్రీన్ జిగురు. పంక్చర్ సొల్యూషన్ ట్యూబు రబ్బరు కోసం చేసింది, పీవీసీ మీద నిలవదు. ఫెవిక్విక్ లాంటివి కూడా వద్దు. గట్టిపడి, బోటు మడతపెట్టగానే పగులుతాయి.

దేవరకొండ గాలం
అన్నా, నువ్వు చెప్పినట్టే చేశా. పీవీసీయే. ఎడమ అర, ముక్కు రెండింటికీ ఎక్కడా నురగ లేదు! కుడిదానికి మాత్రం అడుగు జాయింట్‌కి నాలుగు వేళ్ళ పైన సూది మొన అంత రంధ్రం, సన్నగా సుయ్‌మని కూడా వినిపిస్తోంది. వాల్వ్ దగ్గర ఒకటి రెండు బుడగలు వచ్చాయి, కడిగాక పోయాయి. ఇప్పుడు జిగురు ఎక్కడ దొరుకుతుంది?

మిర్యాలగూడ టార్పాలిన్
చాలా సంతోషం తమ్ముడూ. జాయింట్ కాకపోవడం మంచిదైంది. చెప్పులు తయారుచేసేవాళ్ళు సోలు అతికించే పాలీయురేథేన్ జిగురు అడుగు, హార్డెనర్‌తో, అంటే జిగురును గట్టిపరిచే మందుతో కలిపి వాడేదే తీసుకో. మీ దగ్గర దొరక్కపోతే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో విచారించు. బోట్లకు వాడే పీవీసీ గుడ్డ ముక్క దొరికితే అదే తీసుకో. ఫ్లెక్సీ బ్యానర్ ముక్క మాత్రం వద్దు, గాలి ఒత్తిడికి ఆగదు.

గాలి పూర్తిగా తీసి, వాల్వ్ తెరిచి ఉంచి, కింద ప్లైవుడ్ చెక్క పెట్టు. పాత సొల్యూషన్ మరక ఒక్క పొర కూడా మిగలకూడదు, అతుకు లేచిపోయేది అక్కడే. రంధ్రానికి అన్ని వైపులా రెండంగుళాలు వచ్చేలా ముక్క గుండ్రంగా కత్తిరించు, మూలలుంటే అక్కడ మొదట లేస్తుంది. రెండువైపులా ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్ది, అసిటోన్‌తో తుడిచి ఆరనివ్వు. హార్డెనర్ డబ్బా మీద రాసినంతే కలుపు. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకొకటి. రెండో పూత వేలికి కాస్త జిగటగా తగులుతున్నప్పుడు అతికించి, స్టీలు గ్లాసు అడుగుతో మధ్య నుంచి అంచులకు గట్టిగా ఒత్తు. లోపల గాలి బుడగ మిగలనివ్వకు. ముసురు పట్టిన రోజు, నీళ్ళ ఒడ్డున ఈ పని పెట్టుకోకు, గాలిలో తేమ ఉంటే జిగురు సరిగా పట్టదు. కిటికీలు తెరిచి చేయి, దగ్గర్లో పొయ్యి, బీడీ ఏవీ ఉండొద్దు.

తర్వాత రెండు రోజులు గాలి కొట్టొద్దు. ఆ తర్వాత మళ్ళీ సబ్బునీళ్ళ పరీక్ష.

పానగల్లు కట్ట
బోటు అంతటా సన్న నురగ వచ్చి ఉంటే?

మిర్యాలగూడ టార్పాలిన్
అప్పుడు బట్టకే వయసైపోయినట్టు. లోపల పోసే ద్రవ సీలెంట్లు ఉంటాయి, కొన్నాళ్ళు లాగుతాయి. నేనైతే అలాంటి బోటులో పిల్లల్ని ఎక్కించను.

తమ్ముడూ, ఇంకో మాట. ఎండలో ఒడ్డున పెట్టేటప్పుడు కాస్త గాలి తీసేయి, లేకపోతే వేడికి ఉబ్బి జాయింట్లు విడతాయి. నీళ్ళలోకి దించాక చల్లబడి మెత్తబడుతుంది, అప్పుడు మళ్ళీ నింపుకో, పంపు బోటులోనే ఉంచు. అతుకు ఎంత బాగా పట్టినా పిల్లలు ఒక్కొక్కరికీ వాళ్ళ సైజు లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. మొదటిసారి పెద్దవాళ్ళే, ఒడ్డుకు దగ్గరగా తిప్పి చూడండి.