సాంచాల (మరమగ్గాల) సమ్మెల్లో పిక్కుల లెక్క ఎట్ల కడతరు?

ప్రశ్న (ఓరుగల్లు పోరడు): 1934లో పెట్టిన వరంగల్ అజంజాహి మిల్లు గురించి రాస్తున్న. దాంతోపాటు సిరిసిల్ల సాంచాల సమ్మెలూ చూస్తుంటే, అన్నిట్ల "పది పిక్కులకు ఇన్ని పైసలు" అనే మాటే. మీటరు కూలి ఎట్ల తేలుతది? పిక్కులు పెరిగితే కార్మికునికి నష్టమా?

పడుగుపేక: పిక్కంటే బట్టల అడ్డం పోగు, అంగుళానికి ఎన్ని పడ్డయో లెక్క. పది పిక్కులకు 25 పైసలనుకో (ఉత్త ఉదాహరణే). 40 పిక్కుల బట్టకు మీటరుకు రూపాయి, 52కు రూపాయి ముప్పై. సాంచె నిమిషానికి 120 పిక్కులు కొడితే 40ది గంటకు 4.57 మీటర్లు, 52ది 3.52. బట్ట తగ్గినా రేటు పెరుగుతది కాబట్టి గంట కూలి అంతే. కండెల (అడ్డం నూలు చుట్టిన గొట్టాల) మార్పు, తెగిన పోగుల కింద పోయే టైము 30 శాతం తీసేసినా రెండింటికీ సమానమే. సూత్రంల మోసం లేదు. 52 నేయించి 48 అని రాస్తేనే దెబ్బ, కూలిల దాదాపు 8 శాతం పోతది.

జాబర్ కాక: అందుకే పిక్కులు చూసుకోవాలె. సాంచె మీద బిగువుగున్న బట్టను లెక్కపెట్టకు, తక్కువ పడతయి. దింపి, సడలినంక, అంచు వదిలి అయిదు చోట్ల భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టి సగటు తీయి. టేకప్ల (నేసిన బట్టను ముందుకు గుంజి చుట్టే ఏర్పాటుల) మార్చే చక్రం పండ్లు కూడ చూడు. టేకప్ ఏడు చక్రాలదైతే ఆ మార్చే చక్రం పండ్లు పెరిగితే పిక్కులు పెరుగుతయి. అయిదు చక్రాలదైతే ఉల్టా. ఇది తెల్వక చానమంది తప్పు చక్రం మీద కొట్లాడుతరు.

ఓరుగల్లు పోరడు: సమజైంది కాకా. మరి మిల్లు సమ్మెకూ దీనికీ తేడా?

పడుగుపేక: మిల్లుకు ఒక గేటు, ఒక యాజమాన్యం. సిరిసిల్లల నూలు సేటుది (పని ఇచ్చే వ్యాపారిది), సాంచె ఆసామిది (సాంచాల యజమానిది), చెయ్యి కార్మికునిది. కార్మికుడు అడిగితే ఆసామి "సేటు పెంచితే నేను పెంచుత" అంటడు. ముగ్గురి సంతకాలు లేని ఒప్పందం నిలవదు. అండ్ల పిక్కులు, పన్న (బట్ట వెడల్పు), నూలు రకం, ఏ తేదీ నుంచో రాసుండాలె. ఉత్తగ "కూలి పెంపు" అని రాస్తే కొత్త రకం బట్ట రాంగనే మళ్ల పంచాదే.

జాబర్ కాక: ఇంకోటి. సాంచె బందు పెట్టే ముందు సగం నేసిన తానుకు గుర్తు పెట్టి, మీటర్లు ఇద్దరూ రాసుకోవాలె. బీమ్ (పడుగు చుట్టిన దుంగ) బరువు తీసి పడుగు (నిలువు పోగులు) సడలించకపోతే మళ్ల నడిపినప్పుడు అడ్డం గీత పడతది. ఆ డ్యామేజీ కోత ఎవరి మీద అనేది ఒప్పందంల ముందే తేల్చుకోండ్రి.