రాజాం, బొబ్బిలి, సుంకి ఘాట్, అరకు, విజయనగరం: మూడు రోజుల కారు ప్రయాణానికి దారి ఎలా వేసుకోవాలి?

ప్రశ్న (శ్రీకాకుళం):

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో మా అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను తీసుకొని సొంత కారులో మూడు రోజులు కోటలూ కొండలూ చూసి రావాలనుకుంటున్నాము. మొదటి రోజు విజయనగరం, బొబ్బిలి కోటలు చూసి, మరునాడు శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లి, అదే దారిన తిరిగి రావాలన్నది నా ఆలోచన. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉంది, పిల్లలకు ఘాట్ రోడ్డు మీద కడుపులో తిప్పుతుంది. వెళ్లిన దారినే రావడం తప్ప వేరే మార్గం ఉందా? బొర్రా గుహల దగ్గర నాన్నగారి విషయం ఎలా చూసుకోవాలి?

సమాధానం 1 (బొబ్బిలి):

అయ్యా, మీరు శ్రీకాకుళం నుంచి బయలుదేరుతున్నారు కనుక విజయనగరాన్ని చివరికి పెట్టుకోండి. చిలకపాలెం దగ్గర జాతీయ రహదారి వదిలి రాజాం మీదుగా బొబ్బిలికి రండి. దూరం కలిసి వస్తుందని మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు సేనలు బొబ్బిలి కోటను చుట్టుముట్టిన నాడు బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు ఉన్నది రాజాంలోనే. కోట కూలి, బొబ్బిలి రాజు రంగారావుతో పాటు అంతఃపురమంతా పోయిందని తెలిశాకనే ఆయన రాత్రివేళ విజయరామరాజు గుడారంలోకి చొరబడి పొడిచి చంపాడు. రాజాం నుంచి బొబ్బిలికి కారులో వస్తూ ఆ కథ చెబితే పిల్లలు నిద్రపోరు.

అయితే ఒక్క విషయం ముందే చెప్పి ఉంచండి. ఆనాటి కోట ఇప్పుడు లేదు. యుద్ధభూమిలో 1891లో నిలిపిన స్మారక స్తంభం ఉంది. పట్టణంలో మీకు కనిపించే కోట ఆ తరువాతి కాలంలో కట్టినది. అందులో రాజవంశీయుల నివాసం ఉంది కాబట్టి వాకిట అడిగి, అనుమతించిన మేరకే చూడాలి. బురుజులెక్కి తిరగవచ్చునన్న ఆశతో వచ్చిన మా బంధువులు గంటలోనే పెదవి విరిచారు.

నన్నడిగితే బొబ్బిలిలో మిగిలిన పూటంతా గొల్లపల్లికి ఇవ్వండి. అక్కడ పనస దుంగను తొలిచి, కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) ఏకంగా ఒకే చెక్కలో వచ్చేలా వీణ చేస్తారు. దానినే ఏకాండి వీణ అంటారు. మొన్న నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన మైనం పరిచి ఇరవై నాలుగు మెట్లను (తీగల కింద అడ్డంగా ఉండే పట్టీలను) ఒక్కొక్కటిగా కూర్చుతూ, తీగ మీటి, చెవి వంచి విని, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటుతున్నారు. అలా ఒక్క మెట్టుతోనే పావుగంట గడిచింది. పిల్లలకు కోట గోడల కంటే ఇదే గుర్తుండిపోతుంది.

సమాధానం 2 (సాలూరు):

వేరే మార్గం ఉన్నది. బొబ్బిలిలో రాత్రి బస చేసి, మరునాడు ఉదయం రామభద్రపురం మీదుగా సాలూరు చేరి, 26వ నంబరు జాతీయ రహదారిలో సుంకి ఘాట్ ఎక్కండి. పొట్టంగి దాటాక సెమిలిగుడ దగ్గర ఎడమకు తిరిగి నందపూర్, పాడువాల మీదుగా అరకు చేరవచ్చు. పొట్టంగి పరిసరాల్లోనే ఒడిశాలో ఎత్తైన శిఖరం దేవ్‌మాలి ఉన్నది, ఎత్తు 1,672 మీటర్లు. జయపురానికి మారక ముందు ఆ రాజులకు నందపూర్ రాజధాని. ముప్పై రెండు మెట్ల సింహాసనం శిథిలం అక్కడ ఉన్నది కాబట్టి కోటల జాబితాలో దానినీ కలుపుకోవచ్చు.

సుంకి ఘాట్‌లో లారీల రద్దీ ఎక్కువ. తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది కనుక ఎనిమిది దాటాక ఎక్కడం మేలు. సాలూరులోనే పెట్రోలు నిండుగా పోయించుకోండి. నందపూర్ తరువాతి దారి నిర్మానుష్యంగా ఉంటుంది కాబట్టి పొద్దు వాలక ముందే అరకు చేరేలా చూసుకోండి. ఒకవేళ అద్దె కారు మాట్లాడుకుంటే ఒడిశా పర్మిట్ సంగతి ముందే తేల్చుకోండి.

సమాధానం 3 (విజయనగరం):

పై ఇద్దరూ ఎక్కడం గురించి చెప్పారు, నేను దిగడం గురించి చెబుతాను. నిరుడు అరకు ఘాట్‌లో అనంతగిరి నుంచి దిగుతూ, పెట్రోలు ఆదా అవుతుందన్న దురాశతో బండిని న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే కాలుంచాను. టైడా చేరేసరికి కాలిన వాసన వచ్చింది, పెడల్ మెత్తబడింది. పక్కకు ఆపి సీసాలో నీళ్లు చక్రం మీద పోయబోతుంటే, వెనుక ఆగిన లారీ డ్రైవరు చెయ్యి పట్టుకొని ఆపాడు. “వేడి మీద నీళ్లు పడితే డిస్కు వంకరపోద్ది. ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల, బాబూ,” అన్నాడు. ముప్పావు గంట అక్కడే కూర్చొని, రెండో గేరులో కిందికి వచ్చాను. పిల్లలకు ఆ ఉదయం నూనె వస్తువులు పెట్టకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టండి.

బొర్రా గుహల్లోకి చాలా మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. మీ నాన్నగారిని లోపలికి దింపవద్దు. ప్రవేశద్వారం దగ్గర నీడలో మీ అమ్మగారితో కూర్చోబెట్టి, తినుబండారాల సంచి మాత్రం కారులోనే వదిలి రండి, కోతులు చేతిలోంచి లాక్కుపోతాయి. ఆయన తీరిగ్గా చూడదగినది అరకులోని గిరిజన మ్యూజియం. శని, ఆదివారాల్లో అరకు బస పెట్టుకోకండి, డిసెంబరులో గదులు దొరకడం గగనం.

మూడో రోజు శృంగవరపుకోట మీదుగా విజయనగరం దిగితే ఎండ తగ్గేవేళకు కోట ముందుంటారు. 1713లో, విజయ నామ సంవత్సరం విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం పూట దీనికి పునాది వేశారని చెబుతారు. లోపల కళాశాలలు నడుస్తున్నాయి, పాత రాజభవనం మోతీ మహల్ ఇప్పుడు లేదు, కనుక ముఖద్వారం, రాతి గోడలు చూసుకొని మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లి అమ్మవారి దర్శనం చేసుకోండి. అక్కడి నుంచి శ్రీకాకుళం చేరడానికి రాత్రయినా భయం లేదు, నేరుగా జాతీయ రహదారే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. రాజాం దారినే ఖాయం చేశాను, బయలుదేరేది సోమవారం. చిన్న సందేహం: గొల్లపల్లిలో వెళ్లిన రోజే వీణ కొనుక్కోవచ్చా?

సమాధానం 1 (బొబ్బిలి):

వాయించే వీణకైతే ముందుగా చెప్పి చేయించుకోవాలి. బహుమతిగా ఇచ్చే చిన్న వీణలు మాత్రం చేసి ఉంచుతారు. వెనుక సీటులో పడుకోబెట్టకండి, ఘాట్ మలుపుల్లో దొర్లిపోతుంది. దుప్పటిలో చుట్టి మీ అమ్మగారి ఒడిలో పెట్టండి.