తాగే ముందు వేసుకునే ఎంజైమ్ మాత్ర: డబ్బు పెట్టవచ్చా?

కొండాపూర్ కుర్రాడు
లండన్ నుంచి మా బావ వచ్చారు. సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన ఒక మాత్రల పెట్టె తెచ్చారు. 2022 జులైలో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చిన సరుకు, తయారీ ఒక స్వీడన్ కంపెనీది. పేరును ‘మిరకిల్’ అని పలకాలట. అమ్మకానికి వచ్చినప్పుడు 30 మాత్రలకు 30 పౌండ్లు. తాగడానికి ముందు రెండు మింగితే గంటలో 70 శాతం వరకు ఆల్కహాల్‌ను పేగులోనే విడగొడుతుందని కంపెనీ మాట. డిసెంబర్ 31 దగ్గరికి వచ్చింది. ఇంట్లో రెండు పార్టీలు అయ్యాయి. బావది ‘వేసుకుందాం’ పార్టీ, నాది ‘ముందు అడుగుదాం’ పార్టీ. ఇలాంటి ఎంజైమ్ సరుకు నిజంగా పనిచేస్తుందా? తెల్లవారాక తలనొప్పి రాదా? తాగవద్దని నీతి చెప్పేవారికి ముందే నమస్కారం, ఆ పని మా అమ్మ చూసుకుంటోంది.

రసాయనం మేష్టారు
ముందు లెక్క చూద్దాం. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చు చేయగలదు. మీరు ఎక్కువ తాగారని అది వేగం పెంచదు. పండుగ ముందు ఒకే తూకం ఉన్న రేషన్ షాపు లాంటిది. బయట ఎంత వరుస ఉన్నా లోపల తూచేది ఒక్కడే.

ఆ షాపులో రెండు గదులు. మొదటి గదిలో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆల్కహాల్‌ను అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది ఘాటైన విషం. రెండో గదిలో ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ దాన్ని అసిటేట్‌గా మారుస్తుంది. తర్వాత అది నీరు, కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది.

ఇప్పుడు మాత్ర సంగతి. ఎంజైమ్ అంటే ప్రోటీన్. గుడ్డు తిన్నా ఎంజైమ్ తిన్నా జీర్ణాశయానికి ఒకటే. ఆమ్లమూ, ప్రోటీన్‌ను అరిగించే పెప్సినూ కలిసి ముక్కలు చేసేస్తాయి. మింగిన ఎంజైమ్ చెక్కుచెదరకుండా రక్తంలోకి ఎక్కి, కాలేయ కణాల్లో దూరి, రెండో గదిలో కుర్చీ వేసుకుని కూర్చోవడం జరిగే పని కాదు. అది సాధ్యమైతే మధుమేహం ఉన్నవారు, అదీ ప్రోటీనే అయిన ఇన్సులిన్‌ను సూదితో ఎందుకు పొడుచుకుంటారు?

లండన్ బావ
ఆ బావను నేనే. మేష్టారూ, ప్రశ్న చదవకుండానే మార్కులు వేశారు. నా పెట్టెలో ఉన్నది కాలేయానికి వెళ్లే ఎంజైమ్ కాదు. బాసిల్లస్ కోయాగ్యులాన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ అనే రెండు రకాల బ్యాక్టీరియా, వాటితో ఎల్-సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, విటమిన్ బీ12. బ్యాక్టీరియా బీజాల రూపంలో ఉంటే ఆమ్లాన్ని తట్టుకుంటాయి, పేగుకు చేరి అక్కడ పని చేస్తాయి. అమెరికాలో 2019 నుంచి ఇంకొకటి అమ్ముతున్నారు, జీబయోటిక్స్. సబ్టిలిస్‌లోనే జన్యువు మార్చి, మీరు చెప్పిన రెండో గది ఎంజైమును అదే తయారు చేసేలా చేశారు. జపనీయులు తినే నాట్టో అనే సోయా గింజల వంటకాన్ని పులియబెట్టేది కూడా ఆ జాతి బ్యాక్టీరియానే, భయపడే సరుకు కాదు.

పాలు పడనివారు లాక్టేజ్ మాత్ర వేసుకుని పాయసం తింటున్నారు కదా? అది కూడా ఎంజైమే. అది పనిచేస్తున్నప్పుడు ఇది ఎందుకు చేయకూడదు?

రసాయనం మేష్టారు
లాక్టేజ్ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఎంజైమ్ పేగు లోపలే పని ముగించుకుంటే చాలు అనేది నిజం. పాలలోని చక్కెర లాక్టోజ్ పేగులో కదలకుండా కూర్చుంటుంది కాబట్టి లాక్టేజుకు తీరిక ఉంటుంది. ఆల్కహాల్ అలా కూర్చోదు. నీటిలా గోడల్లోంచి జారిపోతుంది, ఖాళీ కడుపుతో అయితే మరీ త్వరగా. బ్యాక్టీరియా నిద్ర లేచేలోపు సగం రక్తంలో ఉంటుంది.

ఇక మీ 70 శాతం. ఆ అధ్యయనం నేను చదివాను. పాల్గొన్నది ఆరోగ్యంగా ఉన్న 24 మంది. తాగినది కొంచెమే, కిలో శరీర బరువుకు 0.3 గ్రాములు. 70 కిలోల మనిషికి మన లెక్కలో రెండు చిన్న పెగ్గులు. పైగా వారం రోజులు రోజూ మాత్రలు వేసుకున్నాక తాగారు, పార్టీకి గంట ముందు కాదు. రక్తంలో ఆల్కహాల్ మొదటే తక్కువగా ఉందని పదిమందిని పక్కన పెడితే లెక్కకు మిగిలింది 14 మంది. డబ్బు పెట్టింది కంపెనీ. వారు కొలిచింది రక్తంలో ఆల్కహాల్‌ను. మరునాటి తలనొప్పిని కాదు. మీ పెట్టె మీద ఉన్న పేరుకూ మీ బావమరిది అడిగిన ప్రశ్నకూ మధ్య ఇంత దూరం ఉంది.

మజ్జిగ చెంబు
అడుసు తొక్కనేల, కాలు కడుగనేల.
తొక్కినవారికి మాత్రం పలుచటి మజ్జిగ, ఉప్పు, కాస్త అల్లం. 30 పౌండ్లు కాదు, 30 రూపాయలు.

రసాయనం మేష్టారు
ఈ సామెత ఎవరు వేస్తారా అని చూస్తూనే ఉన్నాను. మజ్జిగ మంచిదే, దాహం తీరుస్తుంది. ఆల్కహాల్ మూత్రాన్ని ఆపే హార్మోనును అణచివేస్తుంది, అందుకే ఒళ్లు ఎండిపోతుంది. కానీ హ్యాంగోవర్, అంటే తాగిన మరునాటి బాధ, అంతా దాహం కాదు. నిద్ర చెడుతుంది, ఒంట్లో వాపు రసాయనాలు పెరుగుతాయి, కడుపు లోపలి పొర మండుతుంది. రంగు మద్యంలో మీథనాల్ లాంటి తోడు పదార్థాలు ఎక్కువ. వోడ్కాతో పోలిస్తే బోర్బన్ విస్కీలో అవి 37 రెట్లు ఉన్నట్టు 2010లో కొలిచి చూశారు, మరునాడు బోర్బన్ వారికే బాధ ఎక్కువైంది. ఇన్ని కారణాలున్న జబ్బుకు ఒక ఎంజైమ్ తాళంచెవి ఎలా సరిపోతుంది? పైగా తలనొప్పి ముదిరే వేళకు రక్తంలో ఆల్కహాల్ దాదాపు సున్నాకు వచ్చేసి ఉంటుంది.

సియోల్ కోడలు
మా ఆయన ఉద్యోగం ఇక్కడ, ఆరేళ్ల నుంచి చూస్తున్నాను. కొరియాలో ఈ సరుకు వింత కాదు. 1992లో ‘కండిషన్’ అనే పానీయం వచ్చినప్పటి నుంచి పెద్ద వ్యాపారం. రాత్రి పన్నెండుకు వీధి చివర చిన్న దుకాణానికి వెళితే కౌంటరు దగ్గరే సీసాలు, జెల్లీలు, గుళికలు వరుసగా ఉంటాయి. ఆఫీసు విందుకు వెళ్లేవారు ముందే ఒకటి తాగి వెళతారు. తెల్లవారాక హేజాంగ్‌గుక్ అనే వేడి చారు, అందులో బీన్స్ మొలకలో, పశువుల ఎముకలో. మన మిరియాల చారుకు దూరపు చుట్టం.

ఇక్కడ ఇంత గిరాకీ ఉండటానికి ఒక కారణం ఉంది, మీరెవరూ ఇంకా ఎత్తలేదు. తూర్పు ఆసియాలో మూడోవంతు మందికి పైగా రెండో గది ఎంజైము పుట్టుకతోనే బలహీనం. ఒక్క గ్లాసుకే ముఖం కందిపోతుంది, గుండె దడ వస్తుంది. పక్కింటి ఆవిడ బీరు వాసనకే ఎర్రబడతారు (కొంచెం ఎక్కువ చేసి చెప్పాను, రెండు గుటకలకు). ఆ జన్యు మార్పు మన దేశంలో చాలా అరుదు. అంటే ‘ఆ ఎంజైము తక్కువైంది, మేము నింపుతాం’ అనే ప్రచారం ఎవరి ఒంటి కోసం పుట్టిందో మనం గమనించాలి. మనకు ఉన్న ఎంజైమును మనకే అమ్ముతున్నారు.

ఇంకో మాట. 2025 జనవరి 1 నుంచి ఇక్కడ ప్రభుత్వం నిబంధన పెట్టింది: హ్యాంగోవర్ తగ్గిస్తుందని సీసా మీద రాయాలంటే మనుషుల మీద చేసిన పరీక్ష ఫలితం చూపాలి. ముప్పై ఏళ్లు అమ్మిన తర్వాత అడిగారు.

లండన్ బావ
సియోల్ కోడలు గారూ, మీరు చెప్పినదాన్నే నా వైపు తిప్పుకుంటాను. నిబంధన పెట్టాక పరీక్ష చేసి నిలబడినవి కూడా ఉన్నాయి కదా. అంటే అన్నీ బూటకం కాదు.

మేష్టారికి ఇంకొకటి. స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయం వారు 2024లో నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో ఒక జెల్ గురించి రాశారు. పాలు విరిగితే వచ్చే తేటలోని ప్రోటీన్‌ను పోగుల్లా సాగదీసి, వాటి మీద ఇనుప పరమాణువులు విడివిడిగా కూర్చోబెట్టారు. అది పేగులోనే ఆల్కహాల్‌ను నేరుగా అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది, మధ్యలో విషం పోగవదు. ఎలుకల రక్తంలో ఆల్కహాల్ అరగంటలో 40 శాతం తగ్గింది. నానో తొడుగుల్లో ఎంజైములు పెట్టి ఎలుకలకిచ్చిన ప్రయోగం 2013లోనే జరిగింది. దారి ఉంది, మీరు తలుపు వేసేస్తున్నారు.

రసాయనం మేష్టారు
తలుపు వేయలేదు. ఎలుక దాటి వచ్చాక తీస్తాను. ఆ జెల్ కూడా ఆల్కహాల్ రక్తంలోకి ఎక్కాక ఏమీ చేయలేదని చేసినవారే చెప్పారు.

మీ ఊరి సంగతే చూడండి. లండన్ కింగ్స్ కాలేజీ వారు 2022 ఆరంభంలో 21 ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూశారు, ఏ హ్యాంగోవర్ మందుకూ గట్టి ఆధారం దొరకలేదు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష మాటా అదే. పదిహేడేళ్లలో సీసాలు మారాయి, ఆధారం మారలేదు.

అయినా నాకు అర్థం కాని సంగతి వేరే ఉంది. మీ మాత్ర చెప్పినట్టే పనిచేసిందనుకుందాం. డబ్బు పోసి కొన్న ఆల్కహాల్‌లో 70 శాతాన్ని, మళ్లీ డబ్బు పోసి కొన్న బ్యాక్టీరియా పేగులోనే తినేస్తుంది. అప్పుడు మూడు పెగ్గులకు ఒక పెగ్గు నిషా కూడా ఉండదు. మీరు ఏం చేస్తారు? ఇంకో మూడు పోస్తారు. అంతకన్నా ఒకటి తాగి ఆపవచ్చు కదా, బ్యాక్టీరియాకు ఎందుకు విందు?

బెజవాడ మందుల షాపు
ఇరవై రెండేళ్లుగా కౌంటరు వెనక ఉన్నాను, అక్కడ జరిగేది చెబుతాను. శనివారం సాయంత్రం కుర్రవాళ్లు వచ్చి ‘ఎంజైమ్ సిరప్ ఇవ్వండి’ అని అడుగుతారు. మా దగ్గర ఎంజైమ్ సిరప్ అంటే డయాస్టేజ్, పెప్సిన్. ఒకటి పిండి పదార్థాన్ని, ఒకటి ప్రోటీన్‌ను అరిగించేవి. బిర్యానీకి పనికొస్తాయేమో గానీ బ్రాందీతో వాటికి సంబంధం లేదు. చెబితే వినరు, పక్క షాపులో కొంటారు.

హ్యాంగోవర్ సరుకు కొంటే అట్టను తిప్పి చూడండి. చాలావాటి మీద ఉండేది ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు. అంటే అది ఆహారం కిందికి వస్తుంది, మందు కిందికి కాదు. జబ్బు నయం చేస్తుందని అనడానికి దానికి అధికారం లేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరు. రాత్రంతా తాగి, తెల్లవారి తలనొప్పికి పారాసిటమాల్ మీద పారాసిటమాల్ వేసుకునేవారు. రోజూ తాగే అలవాటు ఉన్నవారి కాలేయంలో ఆ మాత్రలో విషంగా మారే భాగం పెరుగుతుంది. వారు నన్ను ఎంజైమ్ గురించి అడుగుతారు, దీని గురించి అడగరు.

ప్లీడరు గుమాస్తా
షాపు వారి మాటకు తోడు. ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు 2019 సెప్టెంబరులో హ్యాంగోవర్ కూడా జబ్బేనని తేల్చింది, కాబట్టి ఆహార పదార్థం దాన్ని తగ్గిస్తుందని ప్రచారం చేయకూడదంది. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జులైలో ఏడు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. మన ఆహార భద్రతా చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. అందుకే అట్టల మీద ‘హ్యాంగోవర్’ మాట మాయమై ‘హాయిగా నిద్ర లేవండి’ వచ్చింది.

రాత్రి డ్యూటీ నర్సు
నేను పనిచేసేది మద్యం మాన్పించే కేంద్రంలో. ఇక్కడ డైసల్ఫిరామ్ అనే మాత్ర ఇస్తాం. అది సరిగ్గా ఆ రెండో గది ఎంజైమునే ఆపేస్తుంది. వేసుకున్న మనిషి గుక్కెడు తాగినా ముఖం మండిపోతుంది, వాంతులు, దడ. ఇంట్లో వారికి తెలియకుండా ఒకాయన తాగి వచ్చిన రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను, ఆ రంగు మరిచిపోలేను. అసిటాల్డిహైడ్ అంటే ఏమిటో పుస్తకంలో కాదు, ఆ ముఖంలో చూశాను.

ఎంజైమును ఆపే మాత్ర అంత బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది చిన్న అణువు, పేగు దాటి కాలేయానికి చేరుతుంది. ఎంజైమునే అక్కడ పెట్టే మాత్ర మాత్రం ఇంతవరకు ఎవరి చేతిలోనూ లేదు.

కొండాపూర్ బాబూ, నీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది తలనొప్పి కాదు. మాత్ర వేసుకున్నానన్న ధైర్యంతో బండి తాళాలు తీస్తావేమోనని. మీ బావ గారి లండన్‌లో వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల వరకు అనుమతి. ఇక్కడ 30. దాటితే మొదటిసారే 10 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులు నాలుగంటే 80 గ్రాముల ఆల్కహాల్. అది ఖర్చవడానికి మేష్టారి లెక్కన ఎనిమిది గంటల నుంచి పదకొండున్నర గంటలు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టినవారు మరునాడు ఉదయం ఆఫీసుకు బండి తీసేటప్పటికి కూడా ఒంట్లో ఆల్కహాల్ ఉండవచ్చు.

లండన్ బావ
నర్సమ్మ గారూ, బండి విషయంలో వాదన లేదు. ఆ పెట్టె మీద కూడా బండి నడపవచ్చనే మాట ఏదీ రాయలేదు. కానీ ఒక్కటి వినండి. అసిటాల్డిహైడ్‌ను, మద్యంతో కలిసి వచ్చినప్పుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటిలో పెట్టింది. పేగులోనూ నోటిలోనూ అది పుడుతుంది. తాగడం మానని మనిషికి దాన్ని అక్కడే కొంచెం తగ్గించగలిగితే ఏదో ఒక మేలు కాదా? తలనొప్పి సంగతి వదిలేసి అడుగుతున్నాను.

రసాయనం మేష్టారు
ఇది మొదటి మంచి ప్రశ్న. ఆ కోణంలో ఎవరైనా పదేళ్లు మనుషులను వెంబడించి చూస్తే చదువుతాను. కానీ పెట్టె మీద అది రాస్తే ఎవరూ కొనరు.

కొండాపూర్ కుర్రాడు
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో తేలింది ఇది: రానూ పోనూ క్యాబ్ మాట్లాడేశాం. భోజనం ముందు, సీసా తర్వాత. మాత్రలు బావ వేసుకుంటారు, నేను వేసుకోను. ఇద్దరం ఒకే సీసా, ఒకే లెక్క. 1వ తేదీ ఎవరు ముందు లేస్తే వారు ఇక్కడ రాస్తారు.

రసాయనం మేష్టారు
ఇద్దరితో చేసేది ప్రయోగం కాదు నాయనా, పందెం.

లండన్ బావ
ఆ అధ్యయనం కన్నా పన్నెండుమందే కదా తక్కువ.